ఫీజు కాదు, దాని ముందున్న చిన్న ఖర్చులే అమ్మాయిల్ని ఆపేస్తున్నాయి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో పని చేసే ఆవిడ కూతురికి పదిహేడేళ్లు. తండ్రి లేడు. లెక్కల్లో, సైన్సులో ఎప్పుడూ ముందుంటుంది. ఇంకో ఏడాదిలో స్కూలు చదువు అయిపోతుంది. విదేశంలో చదవాలని ఉందని మీతో అంది. మీ దగ్గర కొంత పొదుపు ఉంది కానీ అది ఫీజులకు చాలదు. బ్యాంకు లోను ఇప్పించి మీరు హామీ సంతకం పెట్టొచ్చా, ఏ దేశమైతే బాగుంటుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను టీచరుగా పని చేశాను. పదిహేనేళ్లుగా ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చిన అమ్మాయిల అప్లికేషన్ల పని దగ్గరుండి చూస్తున్నాను. సూటిగా చెప్తాను. ఆమె ఫీజు మీరు కట్టక్కర్లేదు. లోను జోలికి అసలు వెళ్లొద్దు. చదువుకయ్యే పెద్ద డబ్బు ఇచ్చేవాళ్లు ఉన్నారు. యూనివర్సిటీలు ఇస్తాయి, ప్రభుత్వాలు ఇస్తాయి. ఆ డబ్బు దాకా చేరడానికి అయ్యే చిన్న ఖర్చులే ఎవరూ ఇవ్వరు. పరీక్ష ఫీజు, పాస్‌పోర్టు, సర్టిఫికెట్ల నకళ్లు, వాటి అనువాదాలు, కొరియర్, వీసా ఫీజు, విమానం టికెట్టు, అక్కడ దిగాక మొదటి నెల ఖర్చు. నేను చూసిన వాళ్లలో మార్కులు చాలక ఆగిపోయిన పిల్లలు తక్కువ. వీటి దగ్గర ఆగిపోయినవాళ్లే ఎక్కువ. మీ పొదుపు సరిగ్గా ఇక్కడ పనికొస్తుంది.

ఇది కొత్త సంగతేం కాదు. 1959లో కెన్యా విద్యార్థులకు అమెరికా కాలేజీల్లో సీట్లు, స్కాలర్‌షిప్పులు దొరికాయి కానీ అక్కడికి వెళ్లడానికి విమానం ఖర్చులకు డబ్బు లేదు. కెన్యా నాయకుడు టామ్ ఎంబోయా అమెరికా అంతా తిరిగి ఆ డబ్బు కోసమే అడిగాడు. బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్, గాయకుడు హ్యారీ బెలఫాంటే, నటుడు సిడ్నీ పోయిటియర్ కలిసి విరాళాలు అడిగారు. ఆ సెప్టెంబరులో 81 మంది ఒకే విమానంలో న్యూయార్క్ చేరారు. మరుసటేడు కెనెడీ కుటుంబ ఫౌండేషన్ కూడా డబ్బిచ్చింది. అలా 1960లో వెళ్లినవాళ్లలో ఒక పల్లెటూరి అమ్మాయి ఉంది. కాన్సస్‌లోని ఒక చిన్న కాలేజీలో జీవశాస్త్రం చదివింది. ఆమె పేరు వంగారీ మాథాయ్. 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. కాలేజీ ఫీజు కాలేజీ చూసుకుంది. మధ్యలో ఉన్న ఆ ఒక్క ఖాళీ ఎవరో పూడ్చారు. మీరు చేయాల్సింది కూడా అదే.

అయితే డబ్బు మాట ఎత్తేముందు ఇంకొకటి చూసుకోవాలి. వాళ్లమ్మ మీ దగ్గర జీతానికి పని చేస్తోంది. మీరు ఎంత మంచివారైనా సరే, మీకు ‘వద్దండీ’ అని చెప్పడం ఆ ఇద్దరికీ చాలా కష్టం.

ఒకసారి ఒక అమ్మాయితో వాళ్లమ్మ పని చేసే ఇంటి హాల్లోనే కూర్చుని మాట్లాడాను. కుర్చీ అంచు మీద కూర్చుంది. ఏం అడిగినా ముందు ఇంటావిడ ముఖం వైపు చూసి, తర్వాత ‘అవునండీ’ అనేది. ఇంజనీరింగ్ ఇష్టమా అంటే అవునండీ. హాస్టల్లో ఉండగలవా అంటే అవునండీ. నెల తర్వాత బడి మెట్ల మీద ఒంటరిగా దొరికినప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ఆమెకు నర్సింగ్ చదవాలని ఉంది. ఇంటావిడ అప్పటికే చుట్టాలందరికీ ‘మా పిల్ల ఇంజనీరింగ్‌కి విదేశం వెళ్తోంది’ అని చెప్పేసింది. ఇప్పుడు కాదంటే అమ్మ పని పోతుందేమోనని ఈ పిల్ల నోరు విప్పలేదు. ఆ నెల రోజులూ నేను పనికిరాని అప్లికేషన్లు నింపిస్తూ కూర్చున్నాను.

అందుకని మొదటి మాటలు మీ ఇంట్లో వద్దు, మీరు ఎదురుగా కూర్చోనూ వద్దు. ఆమె నమ్మే టీచరుతో మాట్లాడించండి. ఏం చదవాలని ఉంది, ఎందుకు, వెళ్లకపోతే ఏం చేస్తావు, ఇంట్లో ఎవరికి ఇష్టం లేదు అని నెమ్మదిగా అడగమనండి. వాళ్లమ్మతో మీరు విడిగా ఒక్క మాట చెప్పండి: ‘ఇది జరిగినా, జరగకపోయినా, మీరు మధ్యలో వద్దన్నా మీ పనికి, జీతానికి ఏ సంబంధం లేదు.’ ఒక్కసారి చెప్తే నమ్మరు. రెండు మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది, చెప్పండి. ఈ డబ్బును ఎప్పుడూ జీతంలో కలపకండి, అడ్వాన్సు లెక్కలో రాయకండి.

ఇంకోటి కూడా ఉంది. ఆ పిల్ల ఇంట్లో ఏం పని చేస్తోందో తెలుసుకోండి. ఒంటరి తల్లి ఉన్న ఇంట్లో పదిహేడేళ్ల కూతురు సగం సంసారం మోస్తుంటుంది. తమ్ముళ్లను చూసుకోవడం, నీళ్లు, వంట, సెలవుల్లో ఏదో చిన్న పని. ఆమె వెళ్లిపోతే ఆ లోటు ఎవరు పూడుస్తారన్నదే తల్లి మనసులో మొదటి టెన్షన్. ‘పరాయి దేశంలో ఆడపిల్ల, ఎలా?’ అని పైకి అంటుంది కానీ అందులో సగం ఈ భయమే. రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పాలి. భద్రత గురించి మీరెంత చెప్పినా ఉపయోగం ఉండదు. అదే దేశంలో చదువుతున్న ఇంకో అమ్మాయి చేత వీడియో కాల్ చేయించండి. తన గది, తాళం, వంటగది, దారి చూపించమనండి. నేను చేసిన వాటిలో బాగా పని చేసింది ఇదే. ఒక తల్లి ఆ కాల్‌లో ఒకటే ప్రశ్న వేసింది: ‘జ్వరమొస్తే నీకెవరు పెడతారమ్మా?’ అవతలి అమ్మాయి పక్కగదిలో ఉన్న స్నేహితురాలిని పిలిచి చూపించింది. ఆ సాయంత్రమే ఆ తల్లి పాస్‌పోర్టు ఫారం మీద సంతకం పెట్టింది.

ఇక దారుల సంగతి. పదిహేడేళ్లకు నిజంగా పనికొచ్చేవి కొన్నే ఉన్నాయి.

మొదటిది యునైటెడ్ వరల్డ్ కాలేజెస్. అందరూ యూడబ్ల్యూసీ అంటారు. 1962లో వేల్స్‌లో ఒక కాలేజీతో మొదలైంది, ఇప్పుడు వేర్వేరు దేశాల్లో 18 ఉన్నాయి. స్కూలు చివరి రెండేళ్లు అక్కడ చదువుతారు, చాలా దేశాల యూనివర్సిటీలు ఒప్పుకునే ఐబీ డిప్లొమా వస్తుంది. చాలా దేశాల్లో వాళ్లకు నేషనల్ కమిటీలు ఉంటాయి, ఎంపిక వాళ్లే చేస్తారు. ఇంటి పరిస్థితిని బట్టి పూర్తి స్కాలర్‌షిప్ దాకా ఇస్తారు. అక్కడ చదివినవాళ్లకు అమెరికా కాలేజీల్లో సాయం చేసే డేవిస్ స్కాలర్స్ అనే పథకం 2000 నుంచి ఉంది. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి మీ అమ్మాయికి ఇదే ఆఖరి అవకాశం కావచ్చు. కమిటీ గడువు ఎప్పుడో ఈ వారమే చూడండి.

రెండోది అమెరికా కాలేజీల సాయం. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటి కొన్ని చోట్ల విదేశీ విద్యార్థుల విషయంలో కూడా సీటు ఇచ్చేటప్పుడు ఇంటి ఆదాయం చూడరు. సీటిచ్చాక ఎంత అవసరమైతే అంతా ఇస్తారు. మిగతా కాలేజీల్లో చాలావాటిలో విదేశీ విద్యార్థి డబ్బు అడిగితే ఆ లెక్క సీటు మీద ప్రభావం చూపిస్తుంది. మొదటి రకం కాలేజీల్లో సీటు రావడం చాలా కష్టం, అది దాచి చెప్పను. కానీ సైన్సు, లెక్కలు, సాహిత్యం అన్నీ చెప్పే, అంత పేరు లేని చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు బాగా చదివే పేద పిల్లలకు చాలా మంచి సాయం చేస్తాయి. పేరు చూడకండి. ‘విదేశీ విద్యార్థుల అవసరం పూర్తిగా భరిస్తాం’ అని వెబ్‌సైట్‌లో రాసి ఉందో లేదో చూడండి. అప్లికేషన్ ఫీజు కట్టలేమని స్కూలు నుంచి లెటర్ పెడితే చాలా కాలేజీలు మాఫీ చేస్తాయి. సిగ్గుపడకుండా అడగమనండి.

మూడోది చాలామందికి తట్టదు. విదేశం అంటే పడమటి దేశాలే కానక్కర్లేదు. బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో ఏషియన్ యూనివర్సిటీ ఫర్ విమెన్ ఉంది. 2008లో మొదలైంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కే అమ్మాయిల కోసమే పెట్టినట్టుంటుంది. ఎక్కువమంది స్కాలర్‌షిప్ మీదే చదువుతారు. బట్టల ఫ్యాక్టరీల్లో పని చేసిన అమ్మాయిలను కూడా చేర్చుకుని, ముందు ఇంగ్లీషు, లెక్కలు నేర్పి డిగ్రీలోకి పంపే కార్యక్రమం వాళ్లకుంది.

జర్మనీ గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు, ‘అక్కడ చదువు ఫ్రీ’ అని. సగం నిజం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటున్నారు. అసలు చిక్కు ఫీజు కాదు, బ్లాక్డ్ అకౌంట్. స్కాలర్‌షిప్ లేనివాళ్లు వీసాకు ముందే ఏడాది ఖర్చంతా ఒక ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. నెలకు 992 చొప్పున బయటికి తీసుకోవచ్చు. పైగా చాలా దేశాల స్కూలు సర్టిఫికెట్‌తో నేరుగా డిగ్రీలో చేరనివ్వరు, ముందు ఒక ఏడాది స్టూడియెన్‌కొలెగ్ అనే సన్నాహక కోర్సు చదవాలి. ఫ్రీ అన్న ఒక్క మాట విని పరిగెత్తిన కుటుంబాలు ఈ ఖాతా దగ్గర అప్పులపాలు కావడం చూశాను.

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. చాలామంది అమ్మాయిలకు నేనిచ్చే సలహా, డిగ్రీ సొంత దేశంలో చదివి మాస్టర్స్‌కు బయటికి వెళ్లమని. పూర్తి ఖర్చు భరించే పథకాలు ఆ స్థాయిలోనే ఎక్కువ. యూరోపులో ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, చేతికి నెలకు 1,400 యూరోలు వస్తాయి. బ్రిటన్ ఇచ్చే చీవెనింగ్ ఏడాది మాస్టర్స్‌కు అన్ని ఖర్చులూ పెడుతుంది. దానికి సుమారు రెండేళ్ల ఉద్యోగ అనుభవం, అంటే 2,800 గంటలు ఉండాలి, చదివాక కనీసం రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. కామన్‌వెల్త్ షేర్డ్ స్కాలర్‌షిప్పులైతే సొంత డబ్బుతో చదవలేనివాళ్ల కోసమే పెట్టినవి. జర్మనీ డాడ్ (DAAD) సంస్థ ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లకు ఇచ్చే మాస్టర్స్ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. సైన్సులో పీహెచ్‌డీ దాకా వెళ్లే అమ్మాయిలకు ష్లంబర్జర్ ఫౌండేషన్ ‘ఫ్యాకల్టీ ఫర్ ది ఫ్యూచర్’ ఉంది, అది అభివృద్ధి చెందుతున్న దేశాల మహిళలకు మాత్రమే. నాలుగేళ్లు ఆగడం ఓటమి కాదు. ఆ నాలుగేళ్లలో తమ్ముడు పెద్దవాడవుతాడు, తల్లి అలవాటు పడుతుంది, ఆ పిల్ల ఇరవై దాటాక తన సంగతి తాను చూసుకోగలిగేలా వెళ్తుంది. కాబట్టి ఈ ఏడాది పైన చెప్పిన మొదటి మూడు దారుల్లో గట్టిగా ప్రయత్నించండి. రాకపోతే వెంటనే సొంత దేశంలో మంచి కాలేజీలో చేర్చండి. విదేశం కోసం ఖాళీగా ఏడాది కూర్చోబెట్టొద్దు. చదువు ఆగిన ఇంట్లో ఆడపిల్ల పెళ్లి మాట మొదలైపోతుంది. తర్వాత మనం ఏం చెప్పినా వినేవాళ్లుండరు.

కాగితాల గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇక్కడ పోయే టైం ఇంకెక్కడా పోదు.

పేద పిల్లల కాగితాల్లో పేరు ఒకేలా ఉండదు. బడిలో చేర్చినప్పుడు టీచరు విన్నట్టు రాస్తారు, జనన ధృవీకరణ పత్రంలో ఇంకోలా ఉంటుంది, గుర్తింపు కార్డులో మూడోలా ఉంటుంది. ఒక అమ్మాయికి స్కూలు సర్టిఫికెట్‌లో ఒక అక్షరం ఎక్కువ పడింది, తండ్రి పేరు దగ్గర తాత పేరు పడింది. అది సరిదిద్దడానికి ఏడు నెలలు పట్టింది. కౌంటర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ వాళ్లమ్మకు ఒక రోజు కూలి పోయేది. నాలుగోసారి ఆవిడ ‘ఇంక చాలండీ, మన రాత ఇంతే’ అంది. అప్పుడు అర్థమైంది నాకు, సాయం అంటే ఆ క్యూలో ఆవిడ బదులు నిలబడటమేనని. సొంతవాళ్లే రావాలంటే ఆ రోజు కూలి చేతిలో పెట్టి తీసుకెళ్లండి. ఆ డబ్బు చిన్నదే కానీ ఆ ఇంటికి అదే పెద్ద తేడా. తండ్రి లేరన్నారు కదా. చనిపోయారా, విడిగా ఉంటున్నారా అన్నది కూడా ముఖ్యం. ఆమెకు పద్దెనిమిది నిండకముందు పాస్‌పోర్టుకు, వీసాకు తండ్రి అంగీకారం అడిగే చోట్లు ఉన్నాయి. చనిపోయి ఉంటే మరణ ధృవీకరణ పత్రం, విడిపోయి ఉంటే కోర్టు కాగితం ఇప్పుడే వెతికి పెట్టండి.

ఇంగ్లీషు పరీక్ష. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి, కాబట్టి తొందరపడి ఇప్పుడే రాయించొద్దు. ఇంగ్లీషు మీడియంలో చదివితే ఆ లెటర్‌తో సరిపెట్టుకునే యూనివర్సిటీలు కూడా ఉన్నాయి, ముందు అడగండి. ఇంట్లోనే కంప్యూటర్ ముందు రాసే చవక పరీక్షలు కూడా వచ్చాయి. వాటి విషయంలో ఒక జాగ్రత్త. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, కెమెరా చూస్తూనే ఉంటుంది. ఒకే గది ఉన్న ఇంట్లో ఇదెలా సాధ్యం? ఒక అమ్మాయి తెల్లవారుజామున అందరూ నిద్రపోతుండగా రాయడం మొదలుపెట్టింది. సగంలో తమ్ముడు లేచి ‘అక్కా, నీళ్లు’ అని వెనకొచ్చి నిలబడ్డాడు. పరీక్ష చెల్లదని మెయిల్ వచ్చింది, ఫీజు పోయింది. పిల్లాణ్ని ఇంట్లో వాళ్లు కొట్టారని తర్వాత తెలిసి నాకు చాలా బాధేసింది. నేను ముందే ఆలోచించి ఉండాల్సింది. రెండోసారి ఆదివారం స్కూలు స్టాఫ్ రూమ్‌లో రాయించాం, నేను బయట తలుపు దగ్గర కూర్చున్నాను. మీ ఇంట్లో తలుపు వేసుకునే గది, ఆగని ఇంటర్నెట్ ఉంటే పరీక్ష రోజున అవి ఆమెకివ్వండి. అసలు ఇప్పటి నుంచే రోజూ రెండు గంటలు చదువుకోవడానికి ఇస్తే ఇంకా మంచిది. అప్పుడు మాత్రం ఏ పనీ చెప్పకండి.

అప్లికేషన్‌తో పాటు పంపే వ్యాసం విషయంలో ఇద్దరూ తప్పు చేస్తారు, పిల్లలూ, సాయం చేసేవాళ్లూ. పిల్లలు పేదరికం గురించి పేజీలు పేజీలు రాస్తారు. సాయం చేసేవాళ్లు దాన్ని మంచి ఇంగ్లీషులోకి తిరగరాస్తారు. రెండూ వద్దు. ఒక అమ్మాయి మొదట రాసుకొచ్చింది చదివితే ఎవరి కథైనా కావచ్చు: కష్టాలు, కన్నీళ్లు, కల. పక్కన పెట్టి, ఇంట్లో నువ్వు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఏంటమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి బ్యాగులోంచి ఒక పాత నోటుబుక్కు తీసింది. వాళ్లమ్మ ఇంట్లోనే జాకెట్లకు కాజాలు కుట్టేది, ఒక్కో ముక్కకు ఇంత అని. ఈ పిల్ల ఆరు నెలలుగా ప్రతి రోజూ ఎన్ని ఇచ్చారు, ఎన్ని వెనక్కి తీసుకున్నారు, ఎంత డబ్బు చేతికొచ్చింది అని గళ్లు గీసి రాసింది. చివరి పేజీలో ఎర్ర పెన్నుతో ఒక లెక్క ఉంది. కాంట్రాక్టరు ప్రతి వారం కొన్ని ముక్కలు తక్కువ లెక్క పెడుతున్నాడు. ఆ లెక్క చూపించి అమ్మకు రావాల్సిన డబ్బు రాబట్టింది. ‘ఇది కూడా రాయొచ్చా టీచర్?’ అని అడిగింది. అదే రాసింది, తన ఇంగ్లీషులోనే. నేను స్పెల్లింగులు మాత్రం దిద్దాను. స్టాటిస్టిక్స్‌లో పూర్తి స్కాలర్‌షిప్‌తో సీటొచ్చింది. మీ అమ్మాయి దగ్గర కూడా అలాంటి నోటుబుక్కు ఏదో ఒకటి ఉంటుంది. అడిగి చూడండి.

డబ్బు చూపించే రూల్సు గురించి ఒక హెచ్చరిక. సాయం చేసేవాళ్లు సరిగ్గా ఇక్కడే పొరపడతారు. బ్రిటన్ స్టూడెంట్ వీసాకు స్కాలర్‌షిప్ భరించని డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ ఖాతా విద్యార్థిది గానీ తల్లిదండ్రులది గానీ చట్టపరమైన సంరక్షకులది గానీ అయి ఉండాలి. మీ ఖాతాలో ఎంతున్నా అక్కడ లెక్కలోకి రాదు. ఇలాంటప్పుడు ‘నాలుగు రోజులు డబ్బేసి తీసేద్దాం, మేం చూసుకుంటాం’ అనే ఏజెంట్లు తగులుతారు. ఒప్పుకోవద్దు. అబద్ధపు కాగితం పట్టుబడితే వీసా తిరస్కరిస్తారు, ఆ మచ్చ ఏళ్ల తరబడి ఆమె పేరు మీదే ఉంటుంది, ఏజెంటు మీద కాదు. అమెరికా వీసాకైతే స్నేహితులు కూడా స్పాన్సర్ కావచ్చు, కానీ అక్కడ మీరు రాసిచ్చిన మొత్తం నిజంగా పెట్టగలగాలి. స్కాలర్‌షిప్ పూర్తిగా వస్తే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు. అమెరికా వీసాకు 185 డాలర్లు, విదేశీ విద్యార్థుల నమోదుకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు మాత్రం స్కాలర్‌షిప్ ఉన్నా సాధారణంగా ముందు చేతి నుంచే పెట్టుకోవాలి. మీ డబ్బులో వాటికి చోటు ఉంచండి. స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, కమీషన్ ఇవ్వండి అనేవాళ్లకు ఒక్క పైసా ఇవ్వకండి.

లోను ఎందుకు వద్దన్నానో చెప్పాలి కదా. లోను తీసుకున్న పిల్ల అక్కడ ఉద్యోగం చేసి కట్టేస్తుందని అందరూ అనుకుంటారు. అమెరికాలో స్టూడెంట్ వీసా మీద కాలేజీ జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పని చేయొచ్చు. దాంతో చేతి ఖర్చులు వెళ్తాయి, ఫీజులు కట్టలేరు. ఉన్నవాళ్ల పిల్లలకు లోను భారమైతే ఇంట్లోవాళ్లు ఆదుకుంటారు. ఈ అమ్మాయికి వెనక ఎవరున్నారు? ఒక సెమిస్టరు జబ్బు చేసినా, ఒక సబ్జెక్టు పోయినా ఆ వడ్డీ వాళ్లమ్మ జీతం మీద పడుతుంది. మీరు హామీ సంతకం పెడితే మీ మీదా పడుతుంది. అప్పుడు మీ ఇంట్లో ఆవిడ తలెత్తుకుని పని చేయలేదు.

వెళ్లాక మొదటి నెల గురించి చెప్పి ముగిస్తాను. నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన సంగతి అదే. పూర్తి స్కాలర్‌షిప్‌తో వెళ్లిన ఒక అమ్మాయి వారానికోసారి నాకు ఫోన్ చేసి ‘అంతా బాగుంది మేడమ్’ అనేది. నేను సంతోషపడి పెట్టేసేదాన్ని. మూడు నెలల తర్వాత వాళ్ల రూమ్మేట్ ద్వారా తెలిసింది. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచేసరికి ఆలస్యమై మొదటి స్టైపెండ్ ఐదు వారాలకు గానీ రాలేదు. తీసుకెళ్లిన డబ్బు గది డిపాజిట్‌కు పోయింది. అన్ని రోజులూ ఆ పిల్ల ఒంటిపూట తిండితో గడిపింది. ‘ఇప్పటికే మీరు ఇంత చేశారు, మళ్లీ ఎలా అడగను’ అంది. తప్పు నాదే. బాగున్నావా అని అడిగితే బాగున్నాననే అంటారు. అప్పటి నుంచి నేను ‘ఖాతాలో ఎంతుంది? రాత్రి ఏం తిన్నావు? చలికి కోటు కొన్నావా?’ అని అడుగుతున్నాను. వెళ్లేముందే కనీసం రెండు నెలల ఖర్చు ఆమె చేతికిస్తున్నాను, అప్పుగా కాదు, ఆమె డబ్బుగానే. మీరు అన్నిటికన్నా ముందు పక్కన పెట్టాల్సిన మొత్తం ఇదే. దీన్ని మధ్యలో వేరే ఖర్చుకు తీయకండి.

ఆ స్టైపెండ్‌లోంచి ఆమె ఇంటికి కొంత పంపుతుంది. వద్దన్నా పంపుతుంది. తిట్టకండి. ఎంత పంపినా తనకు తిండికి, గదికి సరిపోతుందా అని మాత్రం కలిసి లెక్క వేయండి.

మీ వైపు నుంచి ఒక కాగితం మీద రాసివ్వండి: ఏయే ఖర్చులు మీరు పెడతారు, ఎంత వరకు, తిరిగి అడగరు అని. ఆమె కోర్సు మార్చుకోవచ్చు, అక్కడే ఉండిపోవచ్చు, పెళ్లి చేసుకోవచ్చు, ఏడాదికే వెనక్కి రావచ్చు. వీటిలో దేనికీ మీ అనుమతి అక్కర్లేదని ఆ కాగితంలోనే ఉంటే ఆ పిల్ల గుండెల మీద బరువు తగ్గుతుంది. సీటొచ్చిన రోజున ఆమె ఫొటో, వాళ్లమ్మ మీ ఇంట్లో పని చేస్తుందన్న మాట ఎక్కడా పెట్టకండి. ఆ సంగతి చెప్పుకోవాలో వద్దో ఆమె ఇష్టం.

ఈ వారం రెండు పనులు చేయండి. టీచరుతో ఆ అమ్మాయిని మాట్లాడించండి. ఆమె దగ్గరున్న ప్రతి కాగితం తీయించి, వాటిలో పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఎలా ఉన్నాయో ఒక తెల్లకాగితం మీద అక్షరం అక్షరం రాయించండి. అది అయ్యాక ఆమె ఏ సబ్జెక్టులు చదువుతోందో, గత మూడేళ్ల మార్కులు ఎంతో, పద్దెనిమిది ఎప్పుడు నిండుతుందో ఇక్కడ రాయండి. పేరు, ఊరు రాయొద్దు. యూడబ్ల్యూసీకి వయసు సరిపోతుందా, ఏ కాలేజీలకు పెడితే బాగుంటుందో చూసి చెప్తాను.